ఆర్వెల్లా రెండో గొంతు

హార్గిస్ ఊళ్లోని చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే వరసలో డెబ్భై రెండు మిషన్లుండేవి. అన్నీ ఒక్కసారి నడిస్తే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. ఆ మోతని దాటి వినపడే గొంతు ఒక్కటే ఉండేదని అక్కడ పనిచేసిన మా అమ్మ చెప్పేది. పద్దెనిమిదేళ్ల పిల్ల. పేరు ఆర్వెల్లా సైజ్‌మోర్. 1953లో పాప్లర్ ఫోర్క్ లోయ నుంచి కొండ దిగి వచ్చి పనిలో చేరింది. కాలరు వంకరపోయేది కాదు, పాట ఆగేది కాదు.

మొదట్లో సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. "ఇది ఫ్యాక్టరీ అనుకుంటున్నావా, పాటకచేరీ అనుకుంటున్నావా?" అని అందరిముందూ కేకలేశాడు. ఆర్వెల్లా మర్నాడు నోరు మెదపలేదు. ఆ సాయంత్రానికి వరసలో కాలర్లు పదకొండు డజన్లు తగ్గాయి. మూడోరోజు పొద్దున్నే ఆయనే మిషను దగ్గరికొచ్చి, "సర్లే, పాడుకో. కానీ ఏడుపు పాటలొద్దు తల్లీ, ఆడవాళ్ల చేతులు నెమ్మదిస్తున్నాయి," అన్నాడట.

నేను ఎస్టిల్ ఫ్యూగేట్‌ని. ఆ పిల్ల పెద్దదై, పాటకత్తె అయ్యాక, నలభై రెండేళ్లు ఆమె వెనకాల నిలబడి, మనిషెత్తు తీగవాద్యం, నిలువు బాస్ వాయించాను. ఆర్వెల్లా ముఖం కన్నా వీపే నాకు బాగా తెలుసని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. నిజమే. ఆ వీపు చూసే చెప్పేవాణ్ణి, రాబోయే చరణం ఆమెకి ఇష్టమో కాదో.

ఆమెకి పాట నేర్పింది తండ్రి టోల్బర్ట్. మా కొండల్లోని పాతకాలపు బాప్టిస్టు సంఘంలో ఆయన పెద్ద. ఆ ప్రార్థనశాలలో వాద్యమనేది ఉండదు. పెద్ద ముందుగా ఒక పంక్తి గబగబా అందిస్తాడు. సంఘమంతా దాన్ని పట్టుకుని, ఎవరి ఊపిరి ఉన్నంత దూరం వాళ్లు సాగదీసి పాడతారు. కొండ మీద గాలి వీచినట్టుంటుంది. నాలుగేళ్ల వయసు నుంచి ఆర్వెల్లా తండ్రి పక్కన నిలబడి ఆ పంక్తులు పట్టుకునేది. పొరపాటున గొంతు వణికిస్తే ఆయన అక్కడే చెప్పేవాడు: "వణికించకు. నిలబెట్టు. దేవుడికి సింగారాలు అక్కర్లేదు."

పంతొమ్మిదో ఏట ఆమె మొదటి జీతాలతో ఒక పాత గిటార్ కొని ఇంటికి తెచ్చింది. టోల్బర్ట్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఆ పెట్టె నా గడప దాటకూడదు."

"నేను దాటొచ్చా నాన్నా?"

"నువ్వు నా కూతురివి. అది కాదు."

ఇద్దరూ గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో కేకలుండవు. ఆర్వెల్లా గిటార్‌ని పెరటి అవతలున్న మొక్కజొన్న కంకుల కొట్లో పెట్టుకుంది. పెళ్లయ్యేదాకా, అంటే రెండేళ్లపాటు, ఆ కంకుల గుట్ట మీద కూర్చునే వాయించడం నేర్చుకుంది. గిటార్ పట్టీని ఎలుకలు కొరికేస్తే పాత గుర్రపు జీను పట్టీ కట్టుకుంది. తండ్రి ఒక్కసారి కూడా ఆ కొట్టువైపు వెళ్లలేదు. దాన్ని తీసేయమనీ అనలేదు.

పెళ్లి చేసుకుంది బొగ్గు లారీ నడిపే రాన్సమ్‌ని. మాటలు తక్కువ మనిషి. వంటలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. అతనికి గనిలో రెండో షిఫ్టు లోడు, ఆమెకి ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు. ఆమె ఇంటికొచ్చే వేళకి అతను బయల్దేరేవాడు. ఆ కాపురంలోంచే ఆమె పాట పుట్టింది.

*నేనొచ్చే వేళకి నువ్వెళ్తావు, నువ్వొచ్చే వేళకి నిద్రపోతా,*
*తలుపు దగ్గరే మన కాపురం, గడప మీదే మన ముద్దు.*

'తలుపు దగ్గర కాపురం' అని పేరు పెట్టింది. అందులో 'గడప' అన్న మాట దగ్గర గొంతు ఒక్కసారిగా పైకి గెంతి, అక్కడ ఆగిపోతుంది. వణకదు. తండ్రి నేర్పిన నిలకడ అది. హార్గిస్ రేడియోలో శనివారం మధ్యాహ్నాల్లో పాడుతుంటే, ఆ మాట వచ్చే వేళకి కొట్లో తూకం వేసేవాడు తక్కెడ పట్టుకుని ఆగిపోయేవాడు.

1962లో, పాటల రికార్డులు తీసే నాష్‌విల్ నుంచి పిలుపొచ్చింది. గ్రేడీ అనే రికార్డుల ఆయన, తెల్లబూట్ల మనిషి, ఆ పాటని రికార్డు చేశాడు. దేశం మొత్తం పాటల జాబితాలో పద్నాలుగో స్థానం దాకా ఎక్కింది, పదకొండు వారాలు అక్కడా ఇక్కడా నిలిచింది. ఆర్వెల్లా పని మానేసి ఊరూరా తిరిగింది. రెండో రికార్డుకి గ్రేడీ ఇరవైమంది వయొలిన్లవాళ్లని కూర్చోబెట్టాడు. "నవ్వుతూ పాడమ్మా, నవ్వు వినపడాలి," అన్నాడు. పాటేమో బిడ్డ పోయిన తల్లి గురించి. ఆమె నవ్వలేదు. ఆ రికార్డు ఎవరూ కొనలేదు. మూడోదీ అంతే. 1965లో ఒప్పందం కొనసాగించడం లేదని ఒక ఉత్తరం వచ్చింది. దాని మీద ఆమె పేరు కూడా తప్పుగానే టైపు చేశారు.

శుక్రవారం ఉత్తరం అందుకుంది. సోమవారం పొద్దున ఏడింటికి కాలర్ల వరసలో కూర్చుంది. పక్క మిషను ఓపల్ అనే ఆవిడది. నోరు పెద్దది.

"ఏమ్మా రాణీగారూ, నాష్‌విల్‌లో కాలర్లు అయిపోయాయా?"

"అక్కడ అందరివీ బిరుసు కాలర్లేనే ఓపల్. నా సూదికి దిగలేదు, వచ్చేశా."

వరసంతా నవ్వింది. ఓపల్ కూడా నవ్వి, తన డబ్బాలోంచి సగం మొక్కజొన్న రొట్టె విరిచి ఆమె ముందు పెట్టింది. ఆ విషయం ఆ ఫ్యాక్టరీలో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కానీ ఆర్వెల్లా పాట మానలేదు. ఆ మరుసటేడే సొంత బృందం కట్టింది. కరెంటుతో పలికే స్టీల్ గిటార్‌కి క్లెల్ నేపియర్, ఊళ్లో మంగలి దుకాణం అతనిదే. బాస్‌కి నేను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. వ్యాన్ నడపడం, అందరికీ చిక్కుడు గింజలు ఉడకబెట్టడం రాన్సమ్ పని. సోమవారం నుంచి శుక్రవారం దాకా అందరం ఎవరి పనుల్లో వాళ్లం. శనివారం వచ్చిందంటే బడి జిమ్ములు, అగ్నిమాపక కేంద్రం హాళ్లు, సంతలు.

ఆమె గొంతు ఎంతటిదో చెప్పాలంటే ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. కార్లలో కూర్చుని సినిమా చూసే మైదానం ఒకటి హార్గిస్ బయట ఉండేది. పొద్దుగూకి సినిమా మొదలయ్యేలోపు, తినుబండారాల కొట్టు కప్పు మీద నిలబడి మేం పాడేవాళ్లం. 1968లో ఒకరోజు రెండో పాటకే జల్లు మొదలైంది. తడి కప్పు మీద కరెంటు తీగలు చూసి క్లెల్ మొహం పాలిపోయింది. "అక్కా, నేను పీకేస్తున్నా. పాటకోసం చావను," అని అన్నీ ఊడబెరికేశాడు. మైకు లేదు, స్టీల్ లేదు. నిలువు బాస్ ఒక్కటి మిగిలింది.

ఆర్వెల్లా కప్పు అంచు దాకా నడిచి వెళ్లింది. "బాబులూ, ఇంజన్లు ఆపండి. అద్దాలు దించండి," అంది. ఒక్కొక్క ఇంజనూ ఆగింది. తడుస్తూనే జనం అద్దాలు దించారు. ఆమె ఆ వానలో, మైకు లేకుండా, 'తలుపు దగ్గర కాపురం' పాడింది. 'గడప' దగ్గర గొంతు పైకి లేచి చివరి వరసలో కంచె పక్కనున్న ట్రక్కు దాకా వెళ్లింది. నాకెలా తెలుసంటే ఆ ట్రక్కువాడే మొదట హారన్ మోగించాడు. చప్పట్ల బదులు హారన్లే అక్కడ. నా జన్మలో అంత చప్పుడు వినలేదు.

1974 ఫిబ్రవరిలో ఆమె మెడలో గడ్డ కనిపించింది. లెక్సింగ్టన్‌లో పెద్ద డాక్టరు దాచకుండా చెప్పాడు. వదిలేస్తే ఊపిరిగొట్టాన్ని నొక్కేస్తుంది, ఇంకా చెడ్డదిగా మారొచ్చు కూడా. తీస్తే, దాన్ని చుట్టుకున్న నరం దెబ్బతినొచ్చు. గొంతు కదిలేది ఆ నరం వల్లే. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. తియ్యమంది. డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. నరం దక్కలేదు.

మెలకువ వచ్చాక ఆమె నోట వచ్చింది గాలి మాత్రమే. నెలల తరబడి కాగితం మీద రాసి మాట్లాడింది. ఇంటికొచ్చాక మొదటిరోజు రాన్సమ్ మంచం పక్కన కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, ఆమె రాసిచ్చిన చీటీ వాళ్లబ్బాయి ఇప్పటికీ దాచుకున్నాడు: 'పొయ్యి మీద గింజలు మాడుతున్నాయి.'

మళ్లీ చూపించుకోడానికి వెళ్తే డాక్టరు అన్నాడు: "గొంతులో రెండు పొరలుంటాయమ్మా. మీకు ఎడమది కదలడం లేదు. మాట మెల్లగా వస్తుంది, బొంగురుగానైనా వస్తుంది. పాట మీద మాత్రం ఆశ పెట్టుకోకండి."

నేను ఆ వారం వెళ్లాను. వేసవికి మాకు పంతొమ్మిది తేదీలు కుదిరి ఉన్నాయి. "అక్కా, బడులవాళ్లకి ఫోన్లు చేసి రద్దని చెప్పేస్తా," అన్నాను. ఆమె కాగితం లాక్కుంది. 'రద్దు కాదు, వాయిదా.'

"ఎప్పటికని చెప్పను?"

'వచ్చే ఏడు జూలై,' అని రాసి, కింద గీత గీసింది. నేను ఇంటికెళ్లి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అలాగే చెప్పాను. అవతలివాళ్లు జాలిగా "సరే బాబూ, సరే" అన్నారు. నాకూ నమ్మకం లేదు. ఆమె చెప్పింది గనక చెప్పాను, అంతే.

వేసవి చివరికి మాట వచ్చింది. ఇసుక కాగితంతో కర్రని రుద్దినట్టుండేది. ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లింది. అక్కడ ఓపల్ ఎగతాళి చెయ్యడం మానేసి మెత్తగా మాట్లాడుతుంటే ఆమెకి ఒళ్లు మండింది. "ఒసేయ్, నేనింకా చావలేదు. తిట్టవే," అంది ఆ బొంగురు గొంతుతోనే. ఓపల్ ఏడుస్తూ తిట్టిందట.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆర్వెల్లా పాప్లర్ ఫోర్క్‌కి వెళ్లింది. టోల్బర్ట్‌కి అప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. వసారాలో కూర్చుని ఆపిల్ కాయలు ముక్కలు కోసి ఎండబెడుతున్నాడు. ఆనాడు ఏం జరిగిందో ఆమె నాకు ఒకటికి పదిసార్లు చెప్పింది, ప్రతిసారీ ఒకేలా.

"నాన్నా, నాకు పాట నేర్పు."

"నేర్పానుగా. నాలుగేళ్లప్పుడు."

"మళ్లీ నేర్పు. ఇది వేరే గొంతు."

ఆయన కత్తి కింద పెట్టాడు. "దేవుడి కోసమా, ఆ పెట్టె కోసమా?"

దేవుడి కోసమని అనేస్తే సరిపోయేది. ముసలాయన అప్పటికప్పుడే మొదలుపెట్టేవాడు. "రెంటికీ నాన్నా. నీకు అబద్ధం చెప్పి నేర్చుకోను. గొంతంటూ వస్తే గిటార్ పట్టుకునే పాడతా."

టోల్బర్ట్ ఆపిల్ ముక్కల పళ్లెం తీసుకుని లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆమె గంటసేపు వసారాలోనే కూర్చుని వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లింది. ఆయన తలుపు తియ్యలేదు. ఆమె మెట్టు మీద కూర్చుని, చీకటి పడకముందే లేచి వచ్చేసింది. మూడో ఆదివారం వెళ్లేసరికి ఆయన ముందే బయట ఉన్నాడు. పక్కన రెండో కుర్చీ వేసి ఉంది.

"చూడమ్మాయ్, నేను పెట్టెకి నేర్పటం లేదు. నా కూతురికి నేర్పుతున్నా. ఆ తర్వాత అది ఎక్కడికెళ్లి ఎవరిదగ్గర పాడుకుంటుందో దాని లెక్క అది చూసుకుంటుంది. కూర్చో."

పది నెలలు సాగింది ఆ చదువు. మొదటి రెండు నెలలు ఆయన పాడనివ్వనే లేదు. "పాడకు. చెప్పు. ముందు మాట నిలబడాలి. మాట నిలబడితే రాగం దాని మీదకొచ్చి అదే కూర్చుంటుంది," అనేవాడు. ఒక పంక్తి ఆయన అందిస్తే, ఆమె దాన్ని ఉత్తి మాటగా, ఊపిరి తెగకుండా చెప్పాలి. తెగితే మళ్లీ మొదటికి. దగ్గొచ్చి కళ్లవెంట నీళ్లు కారేవి. ఆయన ఓదార్చేవాడు కాదు, మంచినీళ్ల గ్లాసు జరిపేవాడు.

ఒకరోజు ఆమె విసిగిపోయి, "నీకేం నాన్నా, నీ గొంతు ఎటూ పోలేదు," అంది.

"ఎవరు చెప్పారు? యాభయ్యో ఏటే నా పై గొంతు పోయింది."

ఇరవై ఎనిమిదేళ్లు ఆయన పక్కనే పాడినా ఆర్వెల్లాకి తెలియలేదు.

"సంఘంలో ఎవరూ కనిపెట్టలేదు. ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు. పాటని కిందనుంచి ఎత్తుకోవడం మొదలుపెట్టా. పెద్దాయన లోతుగా పాడుతున్నాడు, ఆత్మ దిగింది అన్నారు. ఆత్మ కాదు, అరుగుదల." అని పంటి సందుల్లోంచి నవ్వాడు.

జనవరిలో ఇంకో సంగతి బయటపడింది. చలిగాలి ముఖాన కొడుతోందని ఆమె తల బాగా ఎడమకి తిప్పి పంక్తి అందుకుంది. గొంతు గట్టిగా, చీలకుండా పలికింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తల తిన్నగా పెట్టి పాడితే గాలి. ఎడమకి తిప్పితే గొంతు. కదలని పొర అలా తిరిగినప్పుడు రెండోదానికి దగ్గరవుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ రోజునుంచీ చివరిదాకా ఆమె భుజం మీదికి చూస్తున్నట్టు తల తిప్పే పాడింది. అదొక సొగసనుకుని ఆ చుట్టుపక్కల ఆడపిల్లలు కొందరు అలా పాడటం మొదలుపెట్టారు కూడా.

జూన్‌లో మా ఇద్దర్నీ ఇంటికి పిలిచింది. పాటలన్నీ అయిదు మెట్లు కిందికి దించింది. ఒకటి పాడి వినిపించింది. తడిసిన మట్టి వాసనలా ఉంది ఆ గొంతు. పాత గొంతుతో దీనికి చుట్టరికమే లేదు. పాట అయ్యాక క్లెల్ స్టీల్ మీద గుడ్డ కప్పేశాడు.

"అక్కా, ఎవరో ఒకరు చెప్పాలిగా, నేనే చెప్తున్నా. ఇది పాట కాదు. జలుబు."

"అయితే జలుబుకి వాయించడం నేర్చుకో."

"నిన్నందరూ గొప్పగా గుర్తుపెట్టుకున్నారు. దాన్ని చెడగొట్టుకోకు. నావల్ల కాదు."

"వెళ్లు క్లెల్. తలుపు గట్టిగా వెయ్యకు, రాన్సమ్ పడుకున్నాడు."

అతను వెళ్లిపోయి వేరే బృందంలో చేరాడు. మాకు స్టీల్ లేదు. ఆర్వెల్లా ఆగలేదు. జూలై పన్నెండు, శనివారం, హార్గిస్ బడి జిమ్ములో మడత కుర్చీలు రెండు వందల పద్నాలుగు వేశారు. అన్నీ నిండాయి. జాలితో వచ్చినవాళ్లు, వింత చూడ్డానికొచ్చినవాళ్లు, ఫ్యాక్టరీ ఆడవాళ్లందరూ. ఆమె తల ఎడమకి తిప్పి మొదలుపెట్టింది. నాలుగు పాటలు నిశ్శబ్దంగా విన్నారు. అయిదోది 'తలుపు దగ్గర కాపురం'. 'గడప' దగ్గరికొచ్చేసరికి జనం కుర్చీల్లో ముందుకు వంగారు. గొంతు పైకి వెళ్లలేదు. కిందికి దిగి, అట్టడుగున ఆగింది.

వెనకనుంచి ఒక మగమనిషి అరిచాడు. "పైకి ఆర్వెల్లా, పైకి!"

ఆమె గిటార్ ఆపింది.

"పై మెట్లు కూలిపోయాయి బాబూ. కిందగదిలో కాపురం పెట్టా. వస్తే రా, లేదంటే పోతూ పోతూ ఆ తలుపు దగ్గరికి వేసి పో, చలిగాలి నాకు పడదు."

జిమ్ము గొల్లుమంది. జూలై నెలలో చలిగాలి. ఆమె నవ్వులు ఆగేదాకా నిలబడి, ఆపిన చోటినుంచే మళ్లీ ఎత్తుకుంది.

అందరూ మెచ్చారని చెప్పను. మధ్యలో చాలామంది లేచి వెళ్లిపోయారు, కొందరు ఏడుస్తూ వెళ్లారు. అది ఇంకా కష్టం. వ్యాన్లో సామాను సర్దుతుంటే ఆమె నన్నడిగింది, "ఎంతమంది వెళ్లారు?"

"నేను చూళ్లేదక్కా."

"నేను చూశా. అరవై మూడు. వచ్చే శనివారం అరవై రెండు మందే లేచేట్టు చూడాలి."

అలా లెక్క తగ్గించుకుంటూ రెండేళ్లు పాడింది. కొన్ని హాళ్లు మళ్లీ పిలవలేదు. కొన్నిచోట్ల ముప్ఫైమంది కూడా రాలేదు. ఆ గొంతుకి సరిపడే కొత్త పాటలు రాసింది. గనిలో ఊపిరితిత్తులు పోయిన మొగుడికి మెట్లెక్కడంలో సాయపడే ఆడదాని పాట, ఫ్యాక్టరీలో వేలు పోగొట్టుకున్న అమ్మాయి పెళ్లి పాట. వాటిని పై గొంతుతో పాడితే అబద్ధంలా ఉండేవి. హార్గిస్ రేడియో మళ్లీ ఆమెకి శనివారం మధ్యాహ్నం ఇచ్చింది.

1977 చలికాలంలో క్లెల్ స్టీల్ గిటార్ పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. దుకాణంలో ఒకాయనకి గడ్డం గీస్తుంటే రేడియోలో ఆమె పాట వచ్చిందట. ఆ పెద్దమనిషి, సగం మొహాన సబ్బునురగతో, "కత్తి ఆపు, పాట అయ్యేదాకా నన్ను ముట్టుకోకు," అన్నాడట.

"ఆ కింది శ్రుతిలో నా స్టీల్ ఎలా పలుకుతుందో చూద్దామనిపించిందక్కా," అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"రెండున్నరేళ్లు పట్టిందా నీ జలుబు తగ్గడానికి? రా, కూర్చో. రాన్సమ్, ఇంకో పళ్లెం పెట్టు."

మరుసటేడు బడి సంగీతం గదిలోనే, తలుపులకి దుప్పట్లు కట్టి, పన్నెండు పాటలు రికార్డు చేశాం. అది చేతులు మారి మారి నాష్‌విల్ దాకా వెళ్లింది. అక్కణ్నుంచి ఒక కొత్తతరం మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు. 'తలుపు దగ్గర కాపురం' కొత్తగా తీద్దామన్నాడు. అంతా ఇప్పటి గొంతే. కానీ ఆ ఒక్క 'గడప' దగ్గర మాత్రం పాత రికార్డులోంచి ఆ పై పలుకుని కోసి తెచ్చి అతుకుతారట. అతుకు ఎవరికీ తెలియదట. దేశమంతా మళ్లీ ఆమె పేరు మోగుతుందట.

ఆర్వెల్లా అతనికి కాఫీ పోసి, మెల్లగా చెప్పింది. "ఆ అమ్మాయి పాడింది ఆ అమ్మాయి దగ్గరే ఉండనివ్వండి. దానికి ఇరవయ్యేడేళ్లు. నాకు నలభై మూడు. ఒకరి నోట్లోది తీసి ఇంకొకరి నోట్లో పెట్టకూడదు."

"మేడమ్, ఆ అమ్మాయి మీరే కదా."

"అందుకేనయ్యా, నాకు బాగా తెలుసు."

అతను రెండు ఉత్తరాలు రాశాడు. ఆమె జవాబు మార్చలేదు. ఆ రికార్డు రాలేదు. నాకు బాధేసింది, దాచను. క్లెల్ అయితే వారంరోజులు సణిగాడు. లెక్సింగ్టన్‌లో ఒక చిన్న రికార్డుల కొట్టువాడు మా పన్నెండు పాటల్నీ ఉన్నవున్నట్టు రికార్డుగా వేశాడు. మెల్లగా, ఒకటీ రెండూగా, పాతికేళ్లపాటు అమ్ముడవుతూనే ఉన్నాయి.

టోల్బర్ట్ ఒక్కసారి కూడా మా పాటకి రాలేదు. ఆమె పిలవలేదు, ఆయన అడగలేదు. 1981లో మంచాన పడ్డాడు. చివరి వారంలో ఆమె పక్కన కూర్చుని ఉంటే కళ్లు తెరిచి అడిగాడట.

"ఇంకా ఆ పెట్టెతోనే తిరుగుతున్నావా?"

"ఆ నాన్నా."

"తల ఎడమకే తిప్పుతున్నావా?"

"ఎడమకే."

"మంచిది," అని కళ్లు మూసుకున్నాడు. గిటార్ గురించి ఆయన అంతకన్నా ఒక్క మాటా వెనక్కి తీసుకోలేదు. ఆమె కూడా తీసుకోమనలేదు. శుక్రవారం ఆయన్ని కొండమీద పూడ్చాం. శనివారం మాకు పక్క జిల్లాలో పాట ఉంది. మానేద్దామా అని అడిగితే నావైపు విచిత్రంగా చూసింది. వెళ్లి పాడాం.

ఆ తర్వాత ఇంకో ఇరవై ఏడేళ్లు పాడింది. ఫ్యాక్టరీ మూతపడింది, రాన్సమ్ పోయాడు. రేడియో స్టేషన్ చేతులు మారింది. 2008లో మోకాళ్లు నిలబడనివ్వడం లేదని ఆపింది. "గొంతు బాగానే ఉంది," అని అందరికీ గట్టిగా చెప్పింది. 2011 ఏప్రిల్‌లో, డెబ్భై ఆరో ఏట, నిద్రలో పోయింది.

అంత్యక్రియలు ఎలా జరపాలో కాగితం రాసిపెట్టింది. పొద్దున తండ్రి సంఘంలో, వాద్యం లేకుండా. మధ్యాహ్నం అగ్నిమాపక కేంద్రం హాల్లో, ప్రసంగం లేకుండా. అడుగున ఇంకో మాట: 'ఎవరూ ఎవర్నీ వెక్కిరించకూడదు.'

పొద్దున మేమంతా గట్టి బల్లల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాం. పంక్తి అందిస్తుంటే పట్టుకుని పాడాం. క్లెల్‌కి ఒక్క పంక్తీ రాదు, పెదాలు కదిపాడు. మధ్యాహ్నం హాల్లో సంఘం నుంచి ఎవరూ రారనుకున్నాం. పదకొండు మంది వచ్చారు. నల్ల కోట్లు వేసుకుని, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. చప్పట్లు కొట్టలేదు, కాలు కదపలేదు. పాటలు మాత్రం చివరిదాకా విన్నారు. తొంభై దగ్గరపడ్డ ఓపల్ వాళ్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కళ్లకీ ఆపిల్ కేకు ముక్క చేతిలో పెట్టి, "తినండయ్యా, కేకులో గిటార్ లేదు," అంది.

సాయంత్రం అయిదింటికి బాస్‌ని గుడ్డసంచిలో పెట్టి తాడు బిగించాను. నా భుజం మునుపటిలా లేదు. పొద్దున పంక్తి అందించిన సంఘం పెద్ద, నాకన్నా చిన్నవాడు, వచ్చి ఏమీ అడక్కుండా రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం వ్యాన్ దాకా మోసుకెళ్లాం.

"బరువుగానే ఉందే," అన్నాడు.

"మెడవైపు పట్టుకో తమ్ముడూ, తేలిక," అన్నాను.